తలుపు వేశాక అడిగే ప్రశ్న

కరీంనగర్‌లో బుట్టి రాజారాం కాలనీ ఆరోగ్య కేంద్రానికి మంగళవారం చూసుకుని వెళ్లాను. ఆరోగ్య మహిళ కార్యక్రమం 2023 మార్చి 8న మొదలైంది ఈ ఊళ్లోనే. తొలి విడతలో రాష్ట్రమంతటా 100 కేంద్రాలు, వారానికొక రోజు, ఆడవాళ్లను ఆడవాళ్లే చూసే ఏర్పాటు.

వరుసలో కూర్చున్న గర్భిణులు బీపీ గురించీ, రక్తం తక్కువ కావడం గురించీ గట్టిగానే మాట్లాడుకుంటున్నారు. తెల్లబట్ట మాట మాత్రం ఎవరి నోటా లేదు. అయిదో నెల గర్భిణి ఒకామె ఒప్పుకుంటే ఆమెతోపాటు లోపలికి వెళ్లాను.

"ఇంకేమన్న ఇబ్బంది ఉన్నదా బిడ్డా?" అని సిస్టర్ అడిగితే, "ఏం లేదు" అంది. సిస్టర్ తలుపు దగ్గరగా వేసి మళ్లీ అడిగింది: "తెల్లబట్ట అయితాందా? దురద, మంట, వాసన ఏమన్న?"

"అయితాంది సిస్టర్. పాలు ఇరిగినట్టు. రాత్రి దురదకు నిద్ర పడ్తలేదు."

అత్త వేడి చేసిందని సబ్జా నీళ్లు తాగించిందట. బొక్కలు కరిగి పోతాయంటారు, నిజమేనా అని భయంగా అడిగింది. భర్తకు ఇంకా చెప్పలేదు, తప్పుగా అనుకుంటాడేమోనని.

డాక్టరమ్మ ముందు ఆ భయాలు తీర్చింది. ఎముకలేవీ కరగవు. ఇది సాధారణంగా సుఖవ్యాధి కాదు, ఎవరినీ అనుమానించాల్సిన పని లేదు. గర్భంతో ఈస్ట్రోజెన్ పెరుగుతుంది, దాంతో యోని గోడల్లో గ్లైకోజెన్ నిల్వలు పెరుగుతాయి. క్యాండిడా అనే ఫంగస్‌కు అది అనువైన చోటు. షుగర్ ఉంటే మరీను, అందుకే రక్తపరీక్ష కూడా రాసింది. వాసన, దురద లేకుండా పల్చగా తెల్లగా కనిపించేది గర్భంలో మామూలే. బూడిదరంగులో పల్చగా అవుతూ చేపల వాసన వస్తే మాత్రం అది బ్యాక్టీరియా వల్ల. యోనిలో పులుపును కాపాడే లాక్టోబాసిలస్‌లు తగ్గి, ఇతర సూక్ష్మజీవులు పెరిగిన స్థితి. నెలలు నిండకముందే కాన్పు కావడానికీ దీనికీ సంబంధం ఉంది.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మందు సంగతి. తెల్లబట్టకు ప్రభుత్వ సురక్ష క్లినిక్కుల్లో ఇచ్చేది ఆకుపచ్చ కిట్, నంబర్ 2. అందులో సెక్నిడజోల్, ఫ్లూకోనజోల్ మాత్రలుంటాయి. గర్భిణి కాని స్త్రీకి ఇది సరిపోతుంది. గర్భిణికి ఫ్లూకోనజోల్ మింగించకూడదు. దానికీ గర్భస్రావాలకూ సంబంధం ఉన్నట్టు 2016లో డెన్మార్క్ అధ్యయనం ఒకటి చూపింది. ఆమెకు కావలసింది రాత్రి పడుకునే ముందు లోపల పెట్టుకునే క్లోట్రిమజోల్ బిళ్ల, ఏడు రోజులు. చేతులు కడుక్కుని వేలితో ఎలా పెట్టుకోవాలో సిస్టర్ ఓపికగా చెప్పింది. బ్యాక్టీరియా అయితే మెట్రోనిడజోల్, డాక్టర్ రాస్తేనే. ఊళ్లో మందుల షాపుకో, ఆర్‌ఎంపీ దగ్గరికో వెళ్లి "తెల్లబట్టకు గోళీ" అని అడిగే ఆడబిడ్డ, తాను గర్భిణినని చెప్పకపోతే ఏ గోళీ చేతికొస్తుందో!

అక్కణ్నుంచి ఆదిలాబాద్ వైపు, ఉట్నూరు ఏజెన్సీలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాను. 102 బండిలో గోండు గర్భిణులు దిగారు. వారిలో ఒకామెను డాక్టర్ తెలుగులో అడిగితే ఆశా కార్యకర్త గోండిలో చెబుతోంది. ఆమెది ఆ గర్భిణి గూడెమే, వరసకు ఆడబిడ్డ. బిడ్డ కదలికల గురించి గలగలా చెప్పిన ఆ అమ్మాయి, తెల్లబట్ట ప్రశ్న రాగానే తల దించుకుంది. తన మాట తన ఇంటి మనిషి నోటిగుండా పోవాలంటే ఎవరికైనా కష్టమే. గోండి వచ్చిన నర్సు ఒక్కరున్నా ఆ చెకప్ వేరేగా ఉండేదని నాకు గట్టిగా అనిపించింది.

పక్క గదిలో మైక్రోస్కోప్ ఉంది. మలేరియా సీజన్‌లో దానికి తీరికే ఉండదు. స్రావం పూసిన గాజుపలక మీద ఒక చుక్క సెలైన్, ఇంకో పలక మీద 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ వేస్తే, ఫంగస్ పోగులో, బ్యాక్టీరియా అంటుకున్న కణాలో అదే మైక్రోస్కోప్‌లో నిమిషాల్లో కనిపిస్తాయి. ఊహించి మందివ్వాల్సిన అవసరం తగ్గుతుంది. ల్యాబ్ టెక్నీషియన్‌ను అడిగాను, ఇలాంటివి చూస్తారా అని.

"చూసుడు పెద్ద పనేం కాదు మేడం. మలేరియా స్లైడ్‌లే వస్తయి. ఇవి రాసి పంపాలె గదా."