నిద్రలో కొట్లాటలా? డాక్టరుకు చెప్పండి

ఇంట్లో ఎవరు ఎలా నిద్రపోతున్నారో ఇల్లాలికి తెలిసినంతగా ఆ నిద్రపోయే మనిషికే తెలియదు. అయినా రాత్రి సంగతులు పగలు నలుగురిలో చెప్పుకోవడమేమిటని ఊరుకుంటాం. అలా ఊరుకోవద్దని చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ఛత్రినాకలో మాది ఇరుకు సందు. మా ఇంట్లో గిన్నె పడితే పక్కింటికి వినబడుతుంది. మా మామయ్యకు యాభై ఎనిమిదో ఏట నిద్రలో కేకలు పెట్టడం, చేతులు విసరడం మొదలైంది. చీమకైనా హాని తలపెట్టని మనిషి! లేపితే "కుక్కలు మీద పడుతుంటే తరుముతున్నా" అనేవారు. ఒకసారి అత్తమ్మ చెంప వాచింది. అడిగినవాళ్ళకు తలుపు తగిలిందని చెప్పింది. మొగుడు కొడుతున్నాడని సందులో అనుకుంటారని ఆమె భయం. కొందరు దిష్టి తీయమన్నారు, కొందరు తాయెత్తు కట్టమన్నారు. రెండూ అయ్యాయి.

ఎనిమిదేళ్ళ తర్వాత, ఊరికే కూర్చున్నప్పుడు మామయ్య కుడిచెయ్యి వణకసాగింది. నరాల డాక్టరు చెయ్యి పరీక్షించి, అత్తమ్మవైపు తిరిగి "రాత్రిళ్ళు ఎలా నిద్రపోతారమ్మా?" అని అడిగారు. అత్తమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "మెలకువలో ఏనాడూ నా మీద చెయ్యెత్తలేదు సార్" అంటూ అన్నీ చెప్పింది. జబ్బు పార్కిన్సన్స్. ఆ కొట్లాటలు దాని తొలి గుర్తులేనట!

మామూలుగా కలలొచ్చే నిద్రలో మెదడు మన కండరాలను కట్టేసి ఉంచుతుంది. అందుకే కలలో పరుగెత్తినా పక్కమీదే ఉంటాం. ఆ కట్టు సడలితే కలలో చేసేది చేతులూ కాళ్ళూ నిజంగానే చేస్తాయి. దీన్ని 1986లో అమెరికాలోని మిన్నెసోటాలో షెంక్, మహోవాల్డ్ అనే వైద్యులు వివరించారు. ఇలాంటి 1,280 మందిని గమనించి 2019లో వెల్లడించిన ఫలితాల ప్రకారం, ఏటా నూటికి సుమారు ఆరుగురిలో పార్కిన్సన్స్ గానీ, మతిమరుపు జబ్బు గానీ బయటపడింది.

కంగారుపడకండి. కలవరించే ప్రతివాళ్ళకూ ఈ జబ్బు రాదు. దిగులుకు వాడే కొన్ని మందుల వల్ల కూడా ఇలా కావచ్చు. అయితే వాటిని మీ అంతట మీరు మాన్పించకండి. యాభై దాటినవాళ్ళు నిద్రలో తన్నడం, కొట్టడం చేస్తుంటే, అందులోనూ పోపు మాడినా వాసన తెలియకపోవడం, మలబద్ధకం ఉంటే డాక్టరుకు చెప్పండి. రాత్రంతా ఆసుపత్రిలో పడుకోబెట్టి చేసే నిద్ర పరీక్షలో సంగతి తేలుతుంది. అఫ్జల్‌గంజ్ ఉస్మానియాలోనూ, పంజగుట్ట నిమ్స్‌లోనూ నరాల విభాగాలున్నాయి.

రాబోయే జబ్బును ఆపే మందు ఇంకా లేదు. మరి ముందే తెలిసి లాభమేమిటంటారా? రాత్రి దెబ్బలు తగ్గించే మందులున్నాయి. రేపు చెయ్యి వణికితే వయసు మీద పడిందని ఏళ్ళు గడపకుండా వెంటనే వైద్యం అందుతుంది. ఈలోగా పరుపు నేలమీద వేయండి. గాజు గ్లాసులు, మొనలున్న బల్లలు దూరంగా జరపండి. కొన్నాళ్ళు పక్క వేరుగా వేసుకోండి. ఏ రాత్రి ఏం జరిగిందో క్యాలెండరు మీద రాసిపెట్టండి. నిద్రలో తగిలిన దెబ్బకు ఆయన తప్పూ లేదు, మీ పరువూ పోదు. చూసింది మీరే కాబట్టి చెప్పాల్సిందీ మీరే.