సుగ్గికి ముందే రావాల్సిన చట్టం

కర్నూలు జిల్లా ఆలూరు కోర్టు ఆవరణలో తెలుగూ కన్నడమూ కలిసే వినిపిస్తాయి. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఇది బళ్లారి జిల్లా తాలూకా మరి. నేను వెళ్లిన రోజు ఒక పెద్దాయన మడతలు నలిగిన ఇంగ్లీషు కాగితం నా చేతిలో పెట్టాడు.

"సుగ్గికి గుంటూరు పక్క పోయింటిమి సార్. వచ్చేలోపల వాయిదా దాటిపాయ. దీంట్లో ఏం రాసినారో సూడండి."

పొలంగట్టు తగాదా. ప్రతివాది రాలేదని ఎక్స్‌పార్టీ డిక్రీ ఇచ్చేశారు. దాన్ని రద్దు చేయమని 30 రోజుల్లోపు అర్జీ పెట్టుకోవచ్చు; గడువు దాటితే ఆలస్యానికి తగిన కారణం చూపి మన్నించమని అడగొచ్చు. ఈ రెండు ముక్కలూ ఆయనకు ఎవరూ చెప్పలేదు. వానలు మొహం చాటేస్తే పత్తితీతకూ మిరపకోతకూ 'సుగ్గి' అంటూ ఇంటిల్లిపాదీ తరలిపోయే నేల ఇది. ఆ వలస లెక్క కోర్టు వాయిదాల్లో ఎక్కడా కనపడదు.

అప్పుడే నాకు మాడభూషి శ్రీధర్ గుర్తొచ్చారు. వరంగల్‌లో 'జనధర్మ' పత్రిక నడిపిన ఎం.ఎస్. ఆచార్య కుమారుడు. మొదట విలేకరి, తర్వాత నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్ర ఆచార్యుడు, 2013 నుంచి 2018 దాకా కేంద్ర సమాచార కమిషనర్, ఆపైన బెనెట్, మహీంద్రా విశ్వవిద్యాలయాల్లో న్యాయ విభాగం డీన్. ఈ పదవులన్నిటికన్నా నేను ఎక్కువ విలువ ఇచ్చేది ఆయన తెలుగు రాతకే. చట్టాన్ని పత్రికల్లో మామూలు మనిషికి తెలిసేలా ఏళ్ల తరబడి విప్పి చెప్పారు. ఉదాహరణకు, సమాచార హక్కు దరఖాస్తుకు మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో రుసుమే లేదు, మండలంలో 5 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి. ఇది ఆలూరు రైతుకు తెలియకపోతే చట్టం ఉండీ ఏం లాభం?

డీన్ కుర్చీలో కూర్చున్నవారికి సిలబస్, నియామకాలు, తనిఖీలతోనే పొద్దు గడిచిపోతుంది. కానీ బార్ కౌన్సిల్ 2008 నిబంధనలు ఇంకో పని కూడా అప్పగించాయి: ప్రతి లా కాలేజీ న్యాయసహాయ కేంద్రం నడపాలి, సీనియర్ అధ్యాపకుడి పర్యవేక్షణలో చివరి ఏడాది విద్యార్థులు అందులో పనిచేయాలి. 1987 న్యాయసేవల చట్టం మహిళలకూ ఎస్సీ, ఎస్టీలకూ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తుంది. ఆ సంగతి చెప్పే మనిషి మాత్రం ఊళ్లోకి రావాలి.

కర్నూలు లా కాలేజీల పెద్దలకు నా విన్నపం ఒకటే. మీ కేంద్రాన్ని క్యాంపస్‌లోనే ఉంచకండి. హొళగుందలో, హాలహర్విలో, చిప్పగిరిలో పిల్లల్ని కూర్చోబెట్టండి. జనం ఊళ్లో ఉన్నప్పుడు, సుగ్గి బండ్లు కదలకముందే, ఎవరి కేసు వాయిదా ఎప్పుడో, ఎవరు ఊరు విడుస్తున్నారో రాసుకోమనండి.