సీసాలో చిక్కిన చెరువు

కోదాడ దగ్గరి చేపల చెరువు గట్టు మీదికి తెల్లవారగానే చేరుకున్నాం. జంతుశాస్త్రంలో పరిశోధన చేస్తున్న యువకుడు అప్పటికే మోకాలి లోతు నీళ్లలో ఉన్నాడు. చేతిలో గరాటు ఆకారంలో కుట్టిన సన్నటి గుడ్డ వల, దాని కొసకు చిన్న సీసా. చెరువు నాలుగు వైపులా బకెట్ ముంచి, మొత్తం 50 లీటర్ల నీళ్లు వలలో వడపోశాడు. సీసాలో మిగిలిన దాంట్లో ఫార్మలిన్ చుక్కలు వేసి నిలబెట్టాడు. అడుగున ఒకటి రెండు మిల్లీలీటర్ల ప్లాంక్టన్ (ప్లవకాలు) పేరుకుంటే చేపకు సహజ మేత బాగున్నట్టు లెక్క.

"నీళ్లు పచ్చగున్నయంటే మేత ఉన్నట్టే గద సారూ?" చెరువు కౌలుకు తీసుకున్న రైతు అడిగాడు.

"పచ్చదనం నాచుదన్నా. దాన్ని తినే పురుగు ఉందో లేదో చూడాలె."

బొచ్చె చేపకు ఆ పురుగే ముఖ్యం. రవ్వ నడిమి నీళ్లలో, మ్రిగాల అడుగున మేస్తే, బొచ్చె పై నీళ్లలో తిరుగుతూ జంతు ప్లవకాలను వడగట్టుకుని తింటుంది. నీటి సంగతికొస్తే, అమ్మోనియా కిట్ ఆ పూట సంగతే చెబుతుంది. ఆక్సిజన్ మీటరు తెల్లవారుజామున ఒక అంకె, మధ్యాహ్నం మరో అంకె చూపిస్తుంది. కానీ కొద్ది రోజుల్లోనే ఒక తరం గడిచే ఈ ప్లవకాల్లో ఏ జాతి పెరిగింది, ఏది తగ్గిందన్నది చూస్తే గడిచిన వారం పది రోజుల్లో నీటికి ఏమైందో తెలుస్తుంది. రైతుకు కావాల్సింది ఇదే.

లెక్కపెట్టే గాజు పలక పొడవు 50 మిల్లీమీటర్లు, వెడల్పు 20, లోతు ఒకటి. అందులో సరిగ్గా ఒక మిల్లీలీటరు పడుతుంది. సూక్ష్మదర్శిని కింద ఎక్కువగా కనిపించినవి ముళ్ల పెంకున్న బ్రాకియోనస్‌లు. ఇవి రోటిఫర్లు, సేంద్రియ పదార్థం, పోషకాలు ఎక్కువైన నీళ్లలో జోరుగా పెరుగుతాయి. చెక్ శాస్త్రవేత్త స్లాడెచెక్ 1983లో వీటితో సులువైన కొలత ఇచ్చాడు: బ్రాకియోనస్ జాతుల సంఖ్యను మరో రకం రోటిఫర్లైన ట్రైకోసెర్కా జాతుల సంఖ్యతో భాగించాలి. ఒకటి లోపు వస్తే పోషకాలు తక్కువున్న నీరు, రెండు దాటితే పోషకాలు మితిమీరిన నీరు.

ఆ అంకె ఒక్కటే పట్టుకుని తీర్పు చెప్పడం తప్పు. బొచ్చె పిల్లలను ఎక్కువ వదిలిన చెరువులో అవి పెద్ద జంతు ప్లవకాలైన డాఫ్నియా, మొయినాలను ముందుగా తినేస్తాయి. చిన్న రోటిఫర్లే మిగులుతాయి. అప్పుడు దోషం నీటిది కాదు, పిల్లల లెక్కది. చెరువులో వేసే కోళ్ల ఎరువు ఆపాలా, పిల్లలను తగ్గించాలా అన్నది ఆ అంకె, పిల్లల లెక్క రెండూ కలిపి చూశాకే తేలుతుంది.

మిర్యాలగూడ వైపు సమస్య వేరు. సాగర్ ఎడమ కాలువ కింద ఎటు చూసినా వరి. మిల్లులు ఉన్నందున చేపల మేతకు తవుడు కొదవ లేదు. అయితే మందు కొట్టిన మడుల నీళ్లు చెరువులోకి దిగితే చేప కంటే ముందు దెబ్బతినేది డాఫ్నియా వర్గమే. రసాయనాల విషతీవ్రతను కొలవడానికి ప్రపంచమంతటా ప్రయోగశాలలు డాఫ్నియానే వాడుతున్నాయి. 48 గంటల్లో ఎన్ని కదలకుండా పోయాయో లెక్కిస్తారు. చెరువులో మొయినా ఒక్కసారిగా మాయమైతే మడుల వైపు తూము చూసుకోవాలి.

సూర్యాపేటలో అందరి మాటా మూసీ గురించే. హైదరాబాద్ మురుగును మోసుకొచ్చే ఆ నది నీళ్లు మూసీ ప్రాజెక్టులో ఆగి, కాలువల్లో సాగుతాయి. అలాంటి నీళ్లు పట్టే చెరువుకు నెలకోసారి పరీక్ష చాలదు.

వల, సీసా, సూక్ష్మదర్శిని. కావాల్సినవి ఇంతే. ఈ మూడు పట్టణాల్లోనూ డిగ్రీ కళాశాలలున్నాయి. మత్స్యశాఖ వారానికో రోజు అక్కడి జంతుశాస్త్ర ప్రయోగశాలల్లో రైతుల సీసాలు చూసే ఏర్పాటు చేయాలి. చెరువుల్లో చేప పిల్లలను వదలకముందే ఆ పని మొదలుపెట్టాలి.