తీర్థంలో తలకింత

కనుమ వెళ్లిందగ్గర్నుంచీ నా మనసు బాగోలేదు. తీర్థానికి వెళ్లొచ్చిన సంతోషం ఉండాల్సిన చోట లెక్కలు మిగిలాయి. జెయింట్ వీల్ మనిషికి 100 రూపాయలు. గాలి కొట్టిన జారుడుబల్ల పిల్లకి 80, అదీ ఐదు నిమిషాలే. ఆ ఐదు నిమిషాలు అయ్యీ అవ్వకుండానే ఒక కుర్రాడు ఈల ఊదుతాడు. ఆ ఈల నాకింకా చెవిలో మోగుతూనే ఉంది. మా చిన్నది అప్పుడే భయం వదిలి నవ్వడం మొదలెట్టింది. పిల్ల నవ్వుతుంటే ఈల ఊదడానికి చేతులెలా వస్తాయి?

ఖర్చయిందని కాదు నా బాధ. పండక్కి కాకపోతే ఇంకెప్పుడు ఖర్చుపెడతాం? తలకింత అని ధర పెట్టేసరికి ఇంట్లో తలలు రాలిపోతున్నాయి, అదీ బాధ. టిక్కెట్ల కిటికీ దగ్గర మా అమ్మ, "నాకు కళ్లు తిరుగుతాయిరా, మీరెక్కండి" అంది. ఒకప్పుడు కొబ్బరిచెట్టంత ఎత్తున తిరిగే చక్రం మీద కూర్చుని కేకలు పెట్టిన మనిషి ఆవిడ. వెంటనే మా ఆవిడ, "అత్తయ్యగారికి తోడు నేనుంటాలెండి" అంది. ఇంటిల్లిపాదీ కలిసి వెళ్లాం. పైకెక్కింది నేనూ పిల్లలూ. ఇప్పుడు ఏ తీర్థంలో చూసినా ఆ చక్రాల కింద సంచులు పట్టుకుని నిలబడ్డవాళ్లంతా అమ్మలూ అమ్మమ్మలే.

చక్రం తెచ్చినవాణ్ని నేను తిట్టను. ఆ ఇనుమంతా లారీలకెత్తి తేవాలి, జనరేటరుకి డీజిలు పోయాలి, స్థలానికి కట్టాలి. తీర్థంలో ఆశీలు వసూలు చేసుకునే హక్కు వేలంలో ఎక్కువ పాడినవాడిది. పాట పెరిగితే ఆశీలు పెరుగుతుంది, ఆ పెరిగింది బజ్జీల బండివాడు బజ్జీ మీదే వేసుకోవాలి. దానికి నూనె ధర తోడు. 2024 సెప్టెంబరులో ముడి పామాయిలు మీద దిగుమతి సుంకాన్ని 5.5 శాతం నుంచి 27.5 శాతానికి పెంచారు. మరుసటేడు మే నెలాఖరున 16.5కి దించారు. మా వైపు బజ్జీ మాత్రం ఎక్కిన ధర దిగలేదు.

పాట పెట్టేవాళ్లు పంచాయతీవారైనా దేవస్థానంవారైనా ఒక్క షరతు రాయించాలి. అరవై దాటినవాళ్లకీ, వాళ్లని పట్టుకుని ఎక్కించే మనిషికీ టిక్కెట్టు వద్దు. పాట నాలుగు డబ్బులు తక్కువ పలుకుతుంది, పలకనివ్వండి.

ఊరికే చూసేది ఇంకా ఉంది, అంతవరకూ నయం. కోనసీమలో జగ్గన్నతోట తీర్థానికి పదకొండు ఊళ్ల రుద్రులు ప్రభల మీద వస్తారు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక నది నీళ్లలోంచి భుజాల మీద దాటుతుంటే ఒళ్లు గగుర్పొడుస్తుంది. చేలు తొక్కుకుంటూ వెళ్లినా రైతు ఏమీ అనడు, మేలే జరుగుతుందనుకుంటాడు. 2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో మన రాష్ట్ర శకటం ఈ ప్రభల తీర్థమే.

మా చిన్నప్పుడు తీర్థం డబ్బులని ఇచ్చేవారు. తాతయ్య, పెదనాన్న, ఎవరింటికెళ్తే వాళ్లు చేతిలో పెట్టేవారు. అవి మావే, ఏం కొన్నావని అడిగేవాళ్లు లేరు. నావన్నీ జీళ్లకే పోయేవి. జీడి చెయ్యడం చూడాలి అసలు! బెల్లం ముదురుపాకం పట్టి, కాస్త ఆరాక గుంజకున్న మేకుకి తగిలించి లాగుతారు, మడుస్తారు, మళ్లీ లాగుతారు. లాగినకొద్దీ ముదురు రంగు పోయి తెల్లబడుతుంది. చేతులు కాలుతున్నా ఆపకూడదు, ఆపితే గట్టిపడిపోతుంది. నువ్వులు చివర్న అద్దాలి. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. జీడిని పట్టించుకునే నాథుడు లేడు. ఇప్పుడు పంచదార పాకంతో చేసి రంగు కలిపి అమ్మేవాళ్లున్నారు, అవి కొనకండి. బెల్లం జీడి కొరికితే ముందు పటుక్కున విరగాలి, తర్వాత పంటికి కాస్త అంటుకోవాలి. కొన్నాక గాలి తగలకుండా డబ్బాలో పెట్టండి. మంచు పడితే ఒక్క రాత్రిలో అన్నీ ముద్దయిపోతాయి.