మా ఇంటి చెవులపిల్లి – ఒక అమానతు

2022లో ఈదుల్ ఫిత్ర్ పండుగ మే నెల తొలివారంలో వచ్చింది. ఆ సాయంత్రం మా అబ్బాయి తనకు అందిన ఈదీ డబ్బుతో దారిలో ఒక తోపుడుబండి వద్ద తెల్లని కుందేలు పిల్లను కొని, చెప్పుల పెట్టెలో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. అది అరచేతిలో ఇమిడేంత ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ముక్కు క్షణం ఆగకుండా అదురుతోంది. ఇల్లంతా దాని చుట్టూ చేరింది. మా అమ్మాయి దానికి మఖ్మల్ అని పేరు పెట్టింది. ఆ పేరుతో దానిని పిలుచుకునే భాగ్యం మాకు మూడు వారాలు మాత్రమే దక్కింది.

దానిని మేము ప్రేమించలేదని ఎవరూ అనలేరు. అయితే దాని అవసరాలేమిటో తెలుసుకునే ప్రయత్నం మాలో ఒక్కరమూ చేయలేదు. బొమ్మల పుస్తకాలలో కుందేలు క్యారెట్ తింటూ కనిపిస్తుంది కాబట్టి రోజంతా క్యారెట్ పెట్టాము. పిల్లలు రొట్టెముక్కలు, బిస్కెట్లు తినిపించారు. ఇంట్లో వాసన వస్తుందని దాని గూటిని మేడ మీద రేకుల కింద ఉంచాము. గుంటూరు ఎండ ఎలా ఉంటుందో మాకు తెలియనిది కాదు. పన్నెండు దాటితే మేమే మేడ మెట్లు ఎక్కము. అయినా ఆ రేకుల కింద ఒక ప్రాణం ఉన్నదన్న సంగతి నీళ్ళ గిన్నె నింపేటప్పుడు మాత్రమే మాకు గుర్తుకు వచ్చేది. ఒకనాడు అస్ర్ నమాజు తర్వాత పైకి వెళ్ళి చూస్తే అది ప్రక్కకు ఒరిగి ఉంది. చెవులు కాలిపోతున్నట్లున్నాయి. క్రిందికి తెచ్చేలోపే దాని ప్రాణం పోయింది.

పెరట్లో గుంట తీసి పూడ్చిపెట్టాము. అబ్బాయి ఏడ్చాడు. అమ్మాయి ఏడవలేదు. రాత్రి భోజనాల వేళ, “అబ్బా, అది మన ఇంటికి రాకపోతే బ్రతికేదా?” అని అడిగింది. మా ఇద్దరిలో ఎవరికీ నోరు పెగలలేదు. నానీమా మాత్రం నెమ్మదిగా, “నోరులేని దాన్ని తెచ్చి గూట్లో పెట్టినవాళ్ళే దానికి నోరు కావాలి బేటా. మనం కాలేకపోయాం” అన్నారు.

ఒక పిల్లిని బంధించి, తాను తిండి పెట్టక, అది తానై వెతుక్కుని తినేందుకు వదలక, దాని చావుకు కారణమైన స్త్రీ నరకశిక్షకు గురైన ఉదంతాన్ని మహాప్రవక్త (స) తెలియజేశారు. సహీహ్ బుఖారీ, సహీహ్ ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్న ఈ హదీసును మేము ఎన్నోసార్లు చదివాము, పిల్లలకు చెప్పాము. చదివిన ప్రతిసారీ ఆ స్త్రీ ఎవరో కఠినాత్మురాలని, మాకు ఏ సంబంధమూ లేనిదని భావించాము. ఆ రాత్రి అలా భావించలేకపోయాము. అల్లాహ్ ముందు పశ్చాత్తాపపడ్డాము. తెలుసుకోకుండా మరే ప్రాణినీ ఇంటికి తీసుకురాకూడదని నిశ్చయించుకున్నాము.

పిల్లలు మళ్ళీ అడగకుండా ఉంటారా? ఏడాదిన్నర పాటు అడుగుతూనే వచ్చారు. ఆ వ్యవధిలో మేము ఒక పశువైద్యుని కలిసి అన్నీ అడిగి తెలుసుకున్నాము. ఆయన మొదట చెప్పిన మాట ఏమిటంటే, కుందేలు సక్రమంగా పెరిగితే ఎనిమిది నుండి పన్నెండేళ్ళ వరకు జీవిస్తుంది. అంటే పదేళ్ళ పిల్లవాడు ముచ్చటపడి తెచ్చిన కుందేలు అతడు కళాశాలకు వెళ్ళే నాటికి కూడా ఇంట్లోనే ఉంటుంది. అప్పుడు దాని గూడు శుభ్రపరిచేది ఎవరు? ఈ ప్రశ్నకు ఇంటి పెద్దలు “మేము” అని చెప్పగలిగితేనే కొనాలి. మేము ఆ మాట అనుకున్న తరువాతనే, 2023 డిసెంబరులో, చలికాలం చూసి రెండవ కుందేలును తెచ్చుకున్నాము. దాని పేరు రూయీ. ఉర్దూలో దూది అని అర్థం.

ఈసారి ఎంపికలో తొందరపడలేదు. ఎనిమిది వారాలు నిండని పిల్లను తల్లి నుండి వేరు చేయరాదు. అరచేతిలో ఇమిడే పిల్ల ముద్దుగా ఉంటుంది గాని, దాని ప్రేగులు ఇంకా గడ్డికి అలవాటుపడి ఉండవు. కళ్ళు తేటగా ఉండాలి. ముక్కు పొడిగా ఉండాలి. ముందుకాళ్ళ లోపలివైపు వెంట్రుకలు తడిసి అట్టలు కట్టి ఉంటే అది జలుబు కారుతున్న ముక్కును తుడుచుకుంటున్నదని గ్రహించాలి. చెవులలో పక్కులు, వెనుక భాగంలో మురికి ఉండరాదు. పై పండ్లు, క్రింది పండ్లు సరిగా కలవాలి, ఎందుకంటే కుందేలు పండ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. అవి ఒకదానితో ఒకటి అరగకపోతే నోరు తెరవలేని స్థితి వస్తుంది. పొడవాటి ఉన్నిగల అంగోరా జాతి మన ఎండలకు తగినది కాదు. ఆడదో మగదో నిర్ధారించుకోకుండా జంటను తేవడం మరో పొరపాటు. నాలుగైదు నెలలకే అవి ఈడుకు వస్తాయి, నెల రోజులకే ఈనుతాయి, ఈనిన రోజునే మళ్ళీ చూలు కట్టగలవు.

మరొక మాట. పల్లెల్లో పొలం కోతల వేళ దొరికే చెవులపిల్లి ఇంట్లో పెంచే కుందేలు కాదు. అది వేరే జాతి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి రక్షణ కల్పిస్తోంది. దానిని పట్టడం, పెంచడం నేరం. మా నానీమా అలవాటుగా రూయీని కూడా చెవులపిల్లి అనే అంటారు. అది వేరే విషయం.

ఆహారం విషయంలో మేము నేర్చుకున్నది ఒక్క మాటలో చెప్పాలంటే గడ్డి. కుందేలు తినే దానిలో అయిదింట నాలుగు వంతులు ఎండుగడ్డే కావాలి. పండ్లు అరిగేదీ, ప్రేగులు కదిలేదీ దానివల్లనే. మేము పురుగుమందు తగలని చోట నుండి గరిక తెప్పించి, కడిగి, నీడన ఆరబెట్టి నిల్వ ఉంచుతాము. రోజూ గుప్పెడు కొత్తిమీర, పుదీనా, ముల్లంగి ఆకు వేస్తాము. క్యారెట్‌లో తీపి ఎక్కువ కాబట్టి అది అప్పుడప్పుడు ఒక ముక్క మాత్రమే. అన్నం, రొట్టె, బిస్కెట్, బంగాళదుంప, ఉల్లి, వెల్లుల్లి దాని దరిదాపులకు పోవు. అది తన మెత్తని పెంటికలను తానే తినడం చూసి మా అమ్మాయి మొదట అసహ్యించుకుంది. ఒకసారి జీర్ణం కాని పోషకాలను రెండవసారి గ్రహించేందుకు సృష్టికర్త దానికి నేర్పిన మార్గమది అని తెలిశాక ఆ అసహ్యం ఆశ్చర్యంగా మారింది.

వేసవికి ముందుగానే సిద్ధమయ్యాము. కుందేలుకు మనవలె చెమట పట్టదు. ఒంటి వేడిని ప్రధానంగా చెవుల ద్వారానే బయటకు పంపుకుంటుంది. ముప్పై డిగ్రీలు దాటితేనే దానికి ఇబ్బంది మొదలవుతుంది, మన దగ్గర నలభై దాటడం మామూలు. కాబట్టి రూయీ నివాసం ఇంటిలోపల, అన్నిటికంటే చల్లని గదిలో, బండల నేల మీద ఏర్పాటు చేశాము. కిటికీకి వట్టివేళ్ళ తడక కట్టి నీళ్ళు చల్లుతాము. గడ్డకట్టిన నీళ్ళ సీసాకు గుడ్డ చుట్టి ప్రక్కన ఉంచితే అది దానికి ఆనుకుని పడుకుంటుంది. ఎండ మరీ తీవ్రంగా ఉన్న రోజు చల్లని నీటితో చెవులు తడుపుతాము. స్నానం మాత్రం చేయించము. ఆ భయానికే దాని ప్రాణం పోవచ్చు. గూటిలో తీగల నేల పాదాలను పుండ్లు చేస్తుంది కాబట్టి గోనెపట్టా పరిచాము. నమాజు చదివే గదిలోకి దానికి ప్రవేశం లేదు. ఒక మూలనే మూత్రం పోసే అలవాటు దానికి ఉంది కాబట్టి, ఆ మూలన కాగితం, గడ్డి వేసిన పళ్ళెం పెడితే ఇల్లు శుభ్రంగానే ఉంటుంది. విద్యుత్ తీగలను మాత్రం దాని పండ్లకు అందకుండా ఎత్తున కట్టాము.

చెవులు పట్టి ఎత్తరాదని పిల్లలకు మొదటి రోజే చెప్పాము. ఒక చేయి రొమ్ము క్రింద, మరొకటి వెనుక భాగం క్రింద ఆనించాలి. గాలిలో భయపడి తన్నుకుంటే దాని వెన్నెముకే విరగవచ్చు. అందుకే చిన్నపిల్లలు నేలమీద కూర్చుని మాత్రమే దానిని ముట్టుకోవాలి.

ఒకసారి ఇంటికి వచ్చిన మామూ నవ్వుతూ, “ఇది ఎప్పుడు కూరవుతుంది?” అన్నారు. అబ్బాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన అన్నదానిలో ధర్మం రీత్యా తప్పులేదు. మర్రుజ్జహ్రాన్ వద్ద బాలుడైన అనస్ (రజి) ఒక కుందేలును పట్టగా, అబూ తల్హా (రజి) దానిని జిబహ్ చేసి తొడలను పంపితే ప్రవక్త (స) స్వీకరించారు. అయితే అదే కుటుంబంలో అనస్ (రజి) తమ్ముడు అబూ ఉమైర్ ఒక చిన్న పక్షిని పెంచుకున్నాడు. అది చనిపోయి ఆ పసివాడు విచారంగా ఉంటే ప్రవక్త (స) ఆ పక్షి గురించి ఆప్యాయంగా పలకరించారు. ఒకే కుటుంబంలో ఒక ప్రాణి ఆహారమైంది, మరొక ప్రాణి పసివాడి నేస్తమైంది. మామూకు ఈ రెండు సంగతులూ చెప్పాము. ఆయన అబ్బాయిని దగ్గరకు తీసుకుని, “సరే బేటా, నీ నేస్తానికి సలామ్ చెప్పు” అన్నారు.

2024 రంజాన్‌లో ఒకనాడు ఇఫ్తార్‌కు వచ్చిన అతిథుల పిల్లలు మేము గమనించకుండా రూయీకి ఖర్జూరాలు, సమోసా ముక్కలు తినిపించారు. సహరీ వేళ అబ్బాయి నిద్రకళ్ళతోనే వచ్చి, “అమ్మీ, రూయీ గడ్డి ముట్టలేదు. పళ్ళెంలో ఒక్క పెంటిక లేదు” అన్నాడు. అది మూలన ముడుచుకుని పండ్లు నూరుతోంది. కుందేలుకు వాంతి రాదు. పది పన్నెండు గంటలు తినకపోతే ప్రేగులు స్తంభించి ప్రాణం మీదికి వస్తుంది. ఇంట్లో మిగిలిన మాత్రలు వేద్దామన్న ఆలోచన ఒక్క క్షణం వచ్చినా, వైద్యుని హెచ్చరిక గుర్తుకు వచ్చి ఆగిపోయాము. మనుషులు వాడే అమాక్సిసిలిన్ వంటి మందు నోటి ద్వారా ఇస్తే కుందేలు చనిపోవచ్చు. ఫజ్ర్ కాగానే వైద్యుని దగ్గరకు పరుగెత్తాము. ఆయన ద్రవాలు ఎక్కించి, నొప్పికి, ప్రేగుల కదలికకు మందులిచ్చారు. జుహర్ వేళకు నాలుగు చిన్న పెంటికలు రాలాయి. పెంటికలను చూసి ఇంటిల్లిపాదీ అల్‌హందులిల్లాహ్ అన్న ఇల్లు బహుశా మాదొక్కటేనేమో!

ఆ రోజు అబ్బాయి ఒక పొద్దు నిద్ర మానుకుని చూడకపోతే మఖ్మల్ ప్రక్కనే మరో గుంట తీయవలసి వచ్చేది. ఒకనాడు చెప్పుల పెట్టెలో ప్రాణిని తెచ్చిన ఆ పిల్లవాడే నేడు దాని పళ్ళెం చూడకుండా పడుకోడు.

పండుగ వస్తున్నది. మీ పిల్లలు కూడా ఈదీ డబ్బుతో కుందేలు కొంటామని అడగవచ్చు. వెంటనే కాదనవద్దు, వెంటనే అవునని కూడా అనవద్దు. ఇంట్లో చల్లని మూల ఉందా, గడ్డి దొరుకుతుందా, కుందేళ్ళను చూడగల వైద్యుడు ఊళ్ళో ఉన్నాడా, ఊరికి వెళితే ఎవరు చూసుకుంటారు? పిల్లలతో కూర్చుని ఈ ప్రశ్నలకు జవాబులు వ్రాయించండి. జవాబు లేని ప్రశ్న ఒక్కటి మిగిలినా ఆ ఏటికి ఆగండి.

మా పెరట్లో ఆ చిన్న గుంట ఉన్న చోట ఇప్పుడు పుదీనా పెరుగుతోంది. అమ్మాయి రోజూ ఉదయం అక్కడే నాలుగు రెమ్మలు త్రుంచి రూయీకి తీసుకువెళుతుంది.