లక్షన్నరకు లోపల

పిల్లల పైచదువుకు ప్రభుత్వ సాయం కోరే దరఖాస్తు విద్యార్థి పేరుతోనే ఉంటుంది గాని, అందులోని ప్రశ్నల్లో ఎక్కువ భాగానికి సమాధానం ఇవ్వవలసినవారు తల్లిదండ్రులే. ర్యాంకు, మార్కులు, హాల్‌టికెట్ నంబరు విద్యార్థి సొంతం. కులం, ఆదాయం, పొలం, రేషన్ కార్డు, బ్యాంకు ఖాతా, ఏ ఊళ్లో ఎన్నేళ్లుగా ఉంటున్నారన్న వివరం ఇంటిల్లిపాదికీ చెందినవి. తెలుగు రాష్ట్రాల్లో ఫీజు రీయింబర్స్‌మెంట్ పేరుతో అందరికీ తెలిసిన పథకం, అంటే విద్యార్థి కళాశాలకు చెల్లించవలసిన బోధన రుసుమును అతని తరఫున ప్రభుత్వం భరించే ఏర్పాటు, ఎన్నో ఇళ్లలో మొదటి ఇంజనీరును, మొదటి ఫార్మసిస్టును, మొదటి ఎంబీఏ పట్టభద్రురాలిని తయారుచేసింది. ఆ ఘనతను కాదనడం ఎవరి తరమూ కాదు. అయితే ఆ సాయం అందుకోవడానికి తల్లిదండ్రులు తమ బతుకును కాగితాల మీద ఏ రూపంలో చూపవలసి వస్తున్నదో, ఆ రూపానికీ వాళ్ల అసలు బతుకుకూ ఎంత ఎడం ఉన్నదో విచారించినవారు తక్కువ.

ఈ ఏర్పాటుకు మూలం పాతదే. షెడ్యూల్డ్ కులాల పిల్లలకు పదో తరగతి దాటిన తరువాతి చదువుల కోసం ఇచ్చే పోస్ట్ మెట్రిక్ ఉపకారవేతనం స్వాతంత్ర్యానికి ముందే, 1944-45లో మొదలైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం 2008 ప్రాంతంలో వెనుకబడిన తరగతుల వారికీ, ఆర్థికంగా వెనుకబడిన ఇతరులకూ బోధన రుసుము చెల్లించే పద్ధతిని పెద్ద ఎత్తున విస్తరించడంతో ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాల అనేది పల్లెటూరి కుటుంబం కూడా ఆలోచించదగిన విషయమైంది. తెలంగాణలో దరఖాస్తులన్నీ ఈ-పాస్ అనే వెబ్‌సైటు గుండా నడుస్తాయి. కళాశాలకు పోయే రుసుమును ఆర్‌టీఎఫ్ అనీ, హాస్టలు, పుస్తకాల ఖర్చుల నిమిత్తం విద్యార్థికి అందే భాగాన్ని ఎంటీఎఫ్ అనీ అంటారు. అక్షరం ముక్క చదవని తల్లులు కూడా ఈ రెండింటినీ తడుముకోకుండా పలుకుతారు. మొదటి ఏడాది పెట్టేది ఫ్రెష్, తరువాతి ఏళ్లలో పెట్టేది రెన్యువల్. కన్వీనర్ కోటాలో, అంటే కౌన్సెలింగ్ ద్వారా, సీటు వచ్చినవారికే ఇది వర్తిస్తుంది. యాజమాన్య కోటాలో చేరినవారికి వర్తించదు.

దరఖాస్తుకు ఆయువుపట్టు ఆదాయ ధ్రువపత్రం. ఇంటర్మీడియట్ ఫలితాలకూ ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌కూ నడుమ మీసేవా కేంద్రాల ముందు నిలబడే తండ్రులు, మేనమామలు ఎక్కువగా దానికోసమే వస్తారు. రేషన్ కార్డు, ఆధార్ నకళ్లు జతచేసి అర్జీ ఇస్తే, అది గిర్దావర్ అని ఊళ్లలో పిలిచే రెవెన్యూ ఇన్‌స్పెక్టరు విచారణకు పోయి, తహసీల్దారు డిజిటల్ సంతకంతో తిరిగి వస్తుంది. ఆ పత్రం మధ్యలో ఒక అంకె ఉంటుంది. తెలంగాణలో బీసీ, ఈబీసీ కుటుంబాలకు పరిమితి గ్రామాల్లో ఏడాదికి 1.5 లక్షలు, పట్టణాల్లో 2 లక్షలు కాబట్టి, పల్లెల నుంచి వచ్చే పత్రాల్లోని అంకెలు తరచు లక్షకూ లక్షన్నరకూ నడుమ ఎక్కడో నిలుస్తాయి. మిర్చి వేసిన కౌలు రైతు ఆదాయం ఆ ఏడు మార్కెట్ యార్డులో పలికిన ధరను బట్టీ, తేమ పేరుతో కోసుకున్న తరుగును బట్టీ ఉంటుంది; ఒక ఏడు మూడు లక్షలు మిగిలి మరుసటి ఏడు అంతకు రెట్టింపు అప్పు నెత్తిన పడవచ్చు. వారం వారం కూలి తీసుకునే తాపీమేస్త్రీ, పాలు పోసే గృహిణి, పండగ సీజనులో మాత్రమే గిరాకీ ఉండే దర్జీ, వీళ్లలో ఎవరూ ఏడాది ఆదాయాన్ని ఎన్నడూ కూడి చూసుకోరు. అందువల్ల ఆ అంకె ఆదాయం నుంచి పుట్టక పరిమితి నుంచి వెనక్కు నడిచి వస్తుంది: ఎంత లోపల ఉండాలో ముందు తెలుస్తుంది, ఎంత ఉన్నదో తరువాత రాస్తారు. దీన్ని అబద్ధమని తేలికగా కొట్టిపారేయడం న్యాయం కాదు. జవాబు లేని ప్రశ్న అడిగిన ప్రభుత్వానికి, అడిగిన తీరులోనే జవాబు దొరుకుతున్నది.

జవాబు కచ్చితంగా ఉన్నవాడికే ఇక్కడ చిక్కు. నెలకు 12,500 రూపాయల జీతం ఏడాదికి సరిగ్గా లక్షన్నర అవుతుంది. పల్లెలో ఉంటూ దగ్గరి ఫ్యాక్టరీలో 13,000 జీతానికి పనిచేసే కాపలాదారుకు పే స్లిప్పు ఉంటుంది, పీఎఫ్ ఖాతా ఉంటుంది, నెల నెలా బ్యాంకులో జమ పడుతుంది. అతని ఆదాయం 1,56,000 అని రుజువు చేయడానికి ఎవరూ విచారణకు రానక్కరలేదు. పక్కింట్లో రెండు దుకాణాలు అద్దెకిచ్చి వడ్డీ వ్యాపారం చేసేవాడికి మాత్రం కాగితం మీద ఏ చిక్కూ లేదు. పేదరికాన్ని కొలవడానికి పెట్టిన పరిమితి ఆచరణలో రసీదు ఉన్న సంపాదనకూ రసీదు లేని సంపాదనకూ మధ్య గీతగా మారింది. ఆదాయ ధ్రువపత్రం తెచ్చుకున్న తండ్రే మిగతా ఖర్చుకు విద్యారుణం కోరి బ్యాంకు మెట్లెక్కితే అక్కడ అడిగే ప్రశ్న తిరగబడుతుంది: తిరిగి కట్టే స్తోమత ఉన్నదా? 4 లక్షల లోపు రుణానికి తనఖా అడగకూడదన్న నియమం ఉన్నా, సహ దరఖాస్తుదారుడైన తండ్రి సంపాదన చూడకుండా మేనేజరు సంతకం పెట్టడు. ఒకే వేసవిలో, ఒకే సంచిలో, ఒకచోట చూపడానికి లేమికీ, మరొకచోట చూపడానికి కలిమికీ కాగితాలు పెట్టుకుని తిరిగే మనిషిని మోసగాడని అనడం కంటే, రెండు కార్యాలయాలకూ కావలసిన ఇద్దరు మనుషులుగా బతకవలసి వచ్చినవాడని అనడం సబబు.

ఆంధ్రప్రదేశ్ ఈ చిక్కును మరో దారిలో విప్పబోయింది. 2019 నవంబరులో ఆదాయ పరిమితిని 2.5 లక్షలకు పెంచి, ఆదాయం చెప్పమనడంతో సరిపెట్టకుండా, కుటుంబం గురించి ప్రభుత్వ శాఖల వద్ద ఉన్న సమాచారాన్నే ఒకచోట చేర్చి చూసే పద్ధతి పెట్టింది. పది ఎకరాల మాగాణి లేదా ఇరవై ఐదు ఎకరాల మెట్ట మించకూడదు, ఆదాయపు పన్ను కట్టే మనిషి ఇంట్లో ఉండకూడదు, టాక్సీ, ఆటో, ట్రాక్టరు తప్ప నాలుగు చక్రాల బండి ఉండకూడదు. వినడానికి ఇది మరింత నిష్పక్షపాతమైన పద్ధతే. అయితే తండ్రి ఎప్పుడో అమ్మేసిన పాత కారు రిజిస్ట్రేషను ఇంకా అతని పేరుతోనే ఉంటే కంప్యూటరు దృష్టిలో అతను కారు యజమానే. పెళ్లయి హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసే అన్న పేరు ఇంకా తల్లిదండ్రుల ఇంటి హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో, అంటే గ్రామ సచివాలయం ఏ కుటుంబంలో ఎవరున్నారో నమోదు చేసిన పట్టికలో, మిగిలి ఉంటే అతను కట్టే పన్ను చెల్లెలి అర్హతను మింగేస్తుంది. అన్నకు ఇల్లు వేరైన సంగతి ఊరందరికీ తెలుసు, పట్టికకు తెలియదు. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు పిల్లల కళాశాల సాయం కోసం నింపే ఫాఫ్సా దరఖాస్తులో 2024-25 నుంచి తల్లిదండ్రుల సమ్మతి మీద ఆదాయ వివరాలు పన్నుల శాఖ నుంచి నేరుగా వచ్చి చేరుతున్నాయి. అక్కడ ఇంచుమించు అందరూ పన్ను లెక్కలు సమర్పిస్తారు కాబట్టి అది సాధ్యమైంది. మన పద్ధతి ఆ సౌకర్యాన్ని కోరుకుంటున్నది గాని, దానికి కావలసిన పునాది ఇక్కడి సంపాదనల్లో లేదు.

కాగితానికీ మనిషికీ ఉన్న ఈ ఎడం పేర్ల దగ్గర మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో పొడి అక్షరంగా, బ్యాంకు పాసుపుస్తకంలో చివరికి చేరి ఉండడం తెలుగు కుటుంబాల్లో మామూలే. వెంకటలక్ష్మి ఒకచోట ఒకే మాటగా, మరొకచోట వెంకట, లక్ష్మి అని విడిపోయి ఉన్నంత మాత్రాన ఆమె కూతురి దరఖాస్తు ఆగవచ్చు. దిద్దుబాటుకు ఆధార్ కేంద్రానికి వెళ్లడం, మార్పు జరిగాక బ్యాంకులో ఆధార్‌ను మళ్లీ జోడించడం, వేలిముద్ర పడక ఇంకొక రోజు రమ్మనడం, ఈ మూడింటికీ తల్లి కూలి పోతుంది. నాట్లు వేసిన, కలుపు తీసిన చేతుల గీతలు అరిగిపోతాయి గనుక బయోమెట్రిక్ యంత్రం ముందు ఎక్కువసార్లు నిలబడవలసి వచ్చేది కూడా ఆ చేతులున్నవారే.

అడిగే రుజువు ఎంత వెనక్కు పోగలదో చెప్పడానికి 2014 నాటి తెలంగాణ ఉదంతం చాలు. కొత్త రాష్ట్రం ఏర్పడిన కొద్ది వారాలకే ఫీజు రీయింబర్స్‌మెంట్ స్థానంలో ఫాస్ట్ పేరుతో ఒక పథకాన్ని ప్రకటించి, 1956 నవంబరు 1కి ముందు నుంచి కుటుంబం తెలంగాణలో నివసిస్తున్నదని చూపినవారికే సాయం ఇస్తామన్నారు. పద్దెనిమిదేళ్ల కుర్రవాడి కళాశాల సీటు తాతగారి నివాసం మీద ఆధారపడింది. పొలం ఉన్నవారు పాత పహాణీలు, అంటే భూమి రికార్డులు, వెతికారు. పొలం లేనివారికి, అంటే సాయం ఎక్కువ అవసరమైనవారికి, వెతకడానికి ఏ దస్తావేజూ లేదు. వ్యవహారం హైకోర్టుకు పోయింది. మరుసటి ఏడాది ఆరంభంలో ప్రభుత్వం ఆ పథకాన్ని ఉపసంహరించుకుంది. ఆ కొద్ది నెలలూ ఆ ఇళ్లలో ఎలా గడిచాయన్నది ఏ ఉత్తర్వులోనూ నమోదు కాలేదు.

సొమ్ము ఎవరి చేతికి పోవాలన్నది మరో కథ. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఏప్రిల్ నుంచి జగనన్న విద్యాదీవెన పేరుతో రుసుమును మూడు నెలలకొకసారి తల్లి ఖాతాలో వేసి, ఆమే కళాశాలకు కట్టే పద్ధతి అమలైంది. తల్లి కళాశాలకు వెళ్తుంది, వసతులు చూస్తుంది, అడగవలసింది అడుగుతుంది అన్నది ప్రభుత్వ ఉద్దేశం. ఆ ఏడు సెప్టెంబరులో హైకోర్టు న్యాయమూర్తి ఒకరు ఆ పద్ధతిని తప్పుపట్టి సొమ్ము నేరుగా కళాశాలలకే ఇవ్వాలన్నా పద్ధతి మారలేదు. 2023 చివరలో ఎక్కువమందికి తల్లీబిడ్డల ఉమ్మడి ఖాతా తెరవమన్నారు. 2024లో వచ్చిన ప్రభుత్వం మళ్లీ కళాశాల ఖాతాకే మళ్లించింది. ఉద్దేశం మంచిదే గాని, తల్లి ఖాతా ఎన్నడూ ఒక్క పనికే పరిమితమైనది కాదు. పంట రుణం కిస్తీకి, పొదుపు సంఘం వాయిదాకు, జ్వరానికి, అన్నిటికీ అదే ఖాతా. ఫీజు సొమ్ము జమ పడిన రోజునే పాత బకాయి కింద కోత పడితే కళాశాల ముందు దోషిగా నిలిచింది ఆ తల్లే. ప్రశ్నించే హక్కు ఇచ్చామనుకున్న చోట వసూలు బాధ్యత ఆమె మీద పడింది.

తెలంగాణలో లెక్క వేరు. ఉమ్మడి రాష్ట్రపు చివరి రోజుల్లో పెట్టిన పద్ధతి ప్రకారం ఇంజనీరింగ్‌లో 10,000 లోపు ర్యాంకు తెచ్చుకున్న బీసీ, ఈబీసీ విద్యార్థులకు పూర్తి రుసుము, ఆపైవారికి 35,000 వరకే ఇస్తారు. ఎస్సీ, ఎస్టీలకు పూర్తిగా ఇస్తారు. అందుచేత వెబ్ ఆప్షన్లు పెట్టే రోజుల్లో ఇంట్లో జరిగే చర్చ ఏ బ్రాంచి మంచిదన్న దానికంటే తీసివేతల మీదనే ఎక్కువ సాగుతుంది. లక్ష రూపాయల రుసుమున్న కళాశాలలో ఏటా 65,000, నాలుగేళ్లకు 2,60,000 చేతి నుంచి పడుతుంది. పరీక్ష పేరు ఇప్పుడు ఈఏపీసెట్ అయినా ఇంట్లో దాన్ని ఎంసెట్ అనే అంటారు. పదివేల ఒకటో ర్యాంకు అనేది ఎంత ఖరీదైన ర్యాంకో మాత్రం అందరికీ తెలుసు.

ఇంతా చేసి దరఖాస్తు మంజూరయ్యాక మొదలయ్యేది ఎదురుచూపు. కళాశాల పరిశీలన, సంక్షేమ శాఖ ఆమోదం దాటి బిల్లు ఖజానాకు చేరాక ఒక టోకెన్ నంబరు పడుతుంది; టోకెన్ అంటే చెల్లింపు వరుసలో స్థానం, చెల్లింపు కాదు. టోకెన్ పడిందా, డబ్బు పడిందా అన్న రెండు ప్రశ్నల మధ్య ఏళ్లు గడిచిన సందర్భాలున్నాయి. బకాయిల కోసం 2025 నవంబరులో తెలంగాణ ప్రైవేటు కళాశాలలు కొన్ని రోజులు తలుపులు మూశాయంటే ఆ వరుస పొడవు ఊహించుకోవచ్చు. జీతాలు ఇవ్వలేకపోతున్నామన్న యాజమాన్యాల గోడు అబద్ధం కాదు. కాని ప్రభుత్వం ఆలస్యం చేస్తే యాజమాన్యం ఒత్తిడి తేగలిగేది ప్రభుత్వం మీద కాదు, కౌంటరు ఎదుట నిలబడ్డ కుటుంబం మీద. అసలు ధ్రువపత్రాలు పట్టి ఉంచుకోరాదని యూజీసీ 2018లో స్పష్టంగా చెప్పినా, చదువు పూర్తయిన విద్యార్థికి టీసీ, మెమోలు కావాలంటే బకాయి కట్టి, ప్రభుత్వం ఇచ్చినప్పుడు తీసుకొమ్మనడం వాడుకలో ఉన్నదే. ఉద్యోగంలో చేరవలసిన తేదీ దగ్గరపడిన ఇంట్లో నియమాలు వాదించే తీరిక ఎవరికీ ఉండదు. బంగారం కుదువ పెట్టో, మేస్త్రీ దగ్గర ముందుగా తీసుకునో కట్టేస్తారు.

తరువాత ఎప్పుడో ప్రభుత్వ సొమ్ము జమ పడుతుంది. కట్టించుకున్నది వాపసు ఇవ్వవలసిన బాధ్యత అప్పుడు కళాశాలది గాని, సొమ్ము వచ్చిందన్న కబురు వెతుక్కుంటూ కుటుంబం దగ్గరికి రాదు. పిల్ల బెంగళూరులో ఉద్యోగంలో ఉంటుంది, ఈ-పాస్‌లో ఇచ్చిన ఫోన్ నంబరు ఎప్పుడో మారిపోయి ఉంటుంది, ఖాతాల గుమాస్తా మారి ఉంటాడు. నాటి రసీదు మాత్రం తండ్రి దగ్గర, ఆదాయ ధ్రువపత్రం నకళ్లు ఉన్న ప్లాస్టిక్ సంచిలోనే, భద్రంగా ఉంటుంది. స్టేటస్ చూసి చెప్పమని అతను మీసేవా కుర్రాడిని అడుగుతాడు. పడిందని తేలితే ఆ రసీదు, ఆధార్, పిల్ల సంతకం చేసి పంపిన అర్జీ పట్టుకుని కళాశాలకు బస్సెక్కుతాడు. అక్కడ ఇంతకుముందు వచ్చినవారి అర్జీలు దొంతరగా ఉంటాయి. వాటిలో ఏవి ఎప్పుడు కదులుతాయో చెప్పే టోకెన్ పద్ధతి కూడా అక్కడ లేదు.