ఇద్దరు సాక్షులు

మా అనంతపురపు మెట్టసీమలో ఆకాశమునకు కొదవ లేదు, మేఘమునకే కొదవ. నైరృతి ఋతుపవనము పడమటి కనుమలయందు తన నీటిని చాలవరకు విడిచి మా పైకి వట్టిగాలియై వచ్చును. ఈశాన్య ఋతుపవనము తూర్పుతీరమునుండి మమ్ము చేరులోపలనే బలహీనమగును. సంవత్సరమునకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షముతో ఈ సీమవారు వేరుసెనగ పండించుకొని బ్రతుకుచున్నారు. గాలికి మాత్రము లోటు లేదు. రామగిరి కొండలపై నిలిచిన గాలిమరలే యందుకు నిదర్శనము. అట్టి గాలినే నమ్ముకొని, ఇంజను లేని విమానములలో వందల కిలోమీటర్లు పోవువారు లోకమున గలరు. వారి పందెములకు మిక్కిలి సూక్ష్మములైన నిబంధనలు గలవు. అందొక నిబంధన నా మనస్సున నాటుకొనినది. దానినిగూర్చి విద్యార్థులతో ముచ్చటించుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

పదవ తరగతిలో ఉష్ణసంవహనమును బోధించుచు గ్లైడరును ఉదాహరణముగా చెప్పినప్పుడు ఒక విద్యార్థి రెండు ప్రశ్నలు వేసెను. ఇంజను లేనిదే అది యంత దూరము ఎట్లు పోవును? పోయెనే యనుకొందము, అంత దూరము పోయినట్లు ఇతరులకు ఎట్లు తెలియును? మొదటి ప్రశ్నకు సమాధానము పాఠ్యపుస్తకముననే కలదు. రెండవదానికై పందెపు నిబంధనలను తెచ్చి చదువవలసివచ్చెను. చదివిన కొలది, విద్యార్థి యడిగిన రెండవ ప్రశ్నయే పెద్దదని తోచెను.

మొదటిదానిని ముందు చెప్పెదను. చైత్ర వైశాఖములలో మధ్యాహ్నవేళ మన బీళ్లలో లేచు సుడిగాలిని చూడనివారు లేరు. నల్లని బండలును, ఎఱ్ఱని దున్నిన చేలును ఎండకు త్వరగా వేడెక్కును. వానిపైనున్న గాలి తేలికయై పైకి లేచును. గ్రద్ద ఆ లేచుగాలిలో రెక్క లాడింపకయే చుట్లు తిరుగుచు ఎత్తునకు పోవుట మనము నిత్యము చూచుచునే యున్నాము. గ్లైడరు నడుపువాడు చేయునదియు నంతే. వేఱొక విమానమైనను, నేలపైనున్న యంత్రమైనను త్రాటితో వానిని కొంత యెత్తునకు చేర్చును. అక్కడ త్రాడు విడిచి, లేచుగాలిని వెదకికొని, దానియందు చుట్లు తిరిగి ఎత్తు సంపాదించి, ఆ ఎత్తును దూరముగా ఖర్చుచేయుచు ముందునకు పోవును. ఇప్పటి మేలైన గ్లైడరు నిశ్చలమైన గాలిలో ఒక కిలోమీటరు ఎత్తునుండి నలువది కిలోమీటర్లైనను జారగలదు. ఎత్తు తఱిగినప్పుడు మఱల గాలిని వెదకవలెను. దొరకినచో ప్రయాణము సాగును. దొరకనిచో ఏదో యొక చేనిలో దిగవలెను.

ఈ విద్య మన దేశమునకు క్రొత్తది కాదు. పూనా నగరమున హడప్సరునందు 1950వ సంవత్సరమున గ్లైడింగు శిక్షణకేంద్రము వెలసెను. మన దేశముననే రూపొందిన గ్లైడర్ల పేర్లను చూడుడు: 1958లో అశ్విని, 1961లో రోహిణి, 1963లో కార్తిక్, 1970లో మృగశిర, 1979లో ఆర్ద్ర. ఇవి పంచాంగములోని నక్షత్రములు. మన రైతునకు కార్తెలు. రోహిణి కార్తెలో రోళ్లు పగులునని మన పెద్దల సామెత. మృగశిరకై మనవారు ఆకాశమువైపు చూతురు. ఆర్ద్రలో విత్తనము వేయుదురు. గాలికై ఎదురుచూచువాని వాహనమునకును, వానకై ఎదురుచూచువాని దినములకును ఒకే పేర్లు కలుగుట నాకు ముచ్చట గొలిపినది.

ఇక రెండవ ప్రశ్న. 1905లో ఏర్పడిన అంతర్జాతీయ వైమానిక క్రీడాసమాఖ్య గ్లైడరు ప్రయాణములకు కొన్ని మెట్లు నిర్ణయించినది. రజతచిహ్నమునకు 50 కిలోమీటర్ల దూరము, అయిదు గంటల కాలము, 1000 మీటర్ల ఎత్తు సంపాదింపవలెను. స్వర్ణచిహ్నమునకు దూరము 300 కిలోమీటర్లు. వజ్రములలో నొకటి 500 కిలోమీటర్లు పోయినవానికి లభించును. మేము తరగతిలో పటముపై దారము పెట్టి కొలిచి చూచితిమి. అనంతపురమునుండి, 2022లో జిల్లా విభజన జరిగిన పిదప శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన పెనుకొండకు సరళరేఖలో సుమారు 66 కిలోమీటర్లు. హైదరాబాదు 300 కిలోమీటర్లు దాటును. రాజమహేంద్రవరము 500 దాటును. ఇంజను లేకుండ, గాలియే ఆధారముగా అనంతపురమున బయలుదేరి గోదావరియొడ్డున దిగుట యెట్టిదో పిల్లలకు అప్పుడు బోధపడెను. 1972వ సంవత్సరము ఏప్రిల్ నెలలో హన్స్ వెర్నర్ గ్రోసె అను జర్మను దేశీయుడు ల్యూబెక్ నగరమునుండి ఫ్రాన్సులోని బియారిట్జ్ వఱకు, 1460 కిలోమీటర్లు, ఒక్క దినమున ఇట్లే పోయెను.

ఆకాశమున అతడొక్కడే యుండును. ప్రక్కన చూచువారుండరు. అయినను లోకము నమ్మవలెను. నిబంధనలన్నియు ఈ యొక్క చిక్కునుండి పుట్టినవి.

అందు మొదటిది ఎత్తును గూర్చినది. నలువదికి ఒకటి చొప్పున జారు గ్లైడరును 1250 మీటర్ల ఎత్తున విడిచినచో, గాలి సాయమేమియు లేకయే 50 కిలోమీటర్లు జారును. అది ప్రయాణము కాదు, జారుడుబండ. కావున నూరు కిలోమీటర్లకు లోబడిన దూరములలో, బయలుదేరిన ఎత్తునకును ముగించిన ఎత్తునకును గల భేదము దూరములో నూటికొకటవ వంతునకు మించరాదు. పెనుకొండకు పోవువానికి 660 మీటర్లే మితి. అంతకు మించిన దూరములకు 1000 మీటర్లు మితి.

రెండవది ప్రకటనపత్రము. నిర్ణీతమైన గమ్యమునకు పోదలచినవాడు ఏయే మలుపు స్థానములను ఏ క్రమమున చుట్టివచ్చునో నేల విడువకమునుపే వ్రాసి యుంచవలెను. గాలి తీసికొనిపోయిన చోటునే తరువాత గమ్యమని చెప్పుకొనుటకు వీలు లేదు.

మూడవది పరికరముల సాక్ష్యము. పూర్వము గ్లైడరులో బారోగ్రాఫు అను పెట్టె యుండెడిది. గడియారపు యంత్రముతో తిరుగు డోలుమీద పొగచూరిన పలుచని అల్యూమినియపు రేకు చుట్టెడివారు. గాలి పీడనము మాఱినకొలది సూది ఆ మసిలో గీత గీసెడిది. బయలుదేరకముందు పరిశీలకుడు ఆ పెట్టెకు ముద్ర వేయును. దిగిన తరువాత అతడే విప్పును. మలుపు స్థానములకు ఛాయాచిత్రములు సాక్ష్యము. వానికన్న ముందు అదే ఫిల్ముపై ప్రకటనపత్రమును చిత్రింపవలెను. ఫిల్మును ముక్కలు చేయక అప్పగింపవలెను. పరిశీలకుడు తన ప్రయాణమునకు తానే పరిశీలకుడు కారాదు. ఎంతటి కీర్తిమంతుడైనను ఈ నిబంధనకు మినహాయింపు లేదు.

నాలుగవది గమ్యము చేరనివానిని గూర్చినది. పందెములలో దినమునకు ప్రథముడైనవానికి వేయి గుణములవఱకు లభించును. నడుమ చేనిలో దిగినవానిని శూన్యమని త్రోసివేయరు. ఎంత దూరము వచ్చెనో అంతవఱకు కొలిచి, తగిన గుణములిత్తురు. కొన్ని పందెములలో పాత గ్లైడరునకును క్రొత్తదానికిని సమానత్వము కలుగుటకై, దూరమును ఆ గ్లైడరు శక్తిని తెలుపు అంకెచేత భాగింతురు. బీద సాధనముతో వచ్చినవాడు ఆ కారణమున ఓడిపోరాదని దాని భావము.

ఇక నా మనస్సున నాటుకొనిన నిబంధన. పూర్వకాలమున, దూరప్రయాణముచేసి పరిశీలకుడు లేని చోట దిగినవాడు, తాను దిగిన స్థలమును కాలమును ధ్రువపఱచుచు స్వతంత్రులైన ఇద్దరు సాక్షులచేత పేరు, చిరునామా వ్రాయించి సంతకము తీసికొనవలెను. ఆ ఇద్దరు ఎవరు? చేనిలో దిగిన వానియొద్దకు మొదట పరుగెత్తివచ్చువారు ఎవరో వారే. కలుపు తీయువారు, గొఱ్ఱెలు కాయువారు, మడవ కట్టువారు. నడిపినవాడు గొప్ప యింజనీరు కావచ్చును, సైన్యాధికారి కావచ్చును. ఆ ఇద్దరు సంతకము చేయనిదే అతని దూరము దూరము కాదు.

ఇది చదివినప్పుడు మా తండ్రిగారు జ్ఞప్తికి వచ్చిరి. ఆయన మెట్ట రైతు. నా బాల్యమున ఒక సంవత్సరము వేరుసెనగ ఊడలు దిగు సమయమున వాన ముఖము చాటువేసెను. కొన్ని మైళ్ల దూరముననున్న కేంద్రములో ఒక సాయంకాలము పెద్ద జల్లు కురిసి, అక్కడి వర్షమాపకము నిండెను. మా చేనిమీద ఒక చుక్కయు పడలేదు. పంట ఎండినదని చెప్పుకొనుటకు మా తండ్రిగారు మఱి నలుగురు రైతులతో ఒక కార్యాలయమునకు పోయిరి. పుస్తకములో చాలినంత వర్షము నమోదైయున్నదని వారికి సమాధానము లభించెను. ఇంటికి వచ్చి తలపాగ విప్పుచు ఆయన మా అమ్మతో ననిన మాట నాకిప్పటికిని వినబడుచున్నది: "వాన పడిందని కాగితంలో రాసుకున్నారంట. మన చేను చూసినోళ్లు మాత్రం ఎవరూ ల్యా."

ఈ సీమలో కాగితమునకు గల బలము చిరకాలముగా నున్నది. 1800వ సంవత్సరమున ఇది దత్తమండలములలో భాగమై కంపెనీవారి వశమైనప్పుడు థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చి, 1807 వఱకు నుండి, చేలను కొలిపించి రైతువారీ పద్ధతిని నెలకొల్పెను. అప్పటినుండి చేనికి అంకె, శిస్తునకు అంకె, పంటకును అణాలలో అంకె. పదునాఱణాల పంటయా, నాలుగణాల పంటయా యను నిర్ణయము మీదనే కఱవు సంవత్సరమున రైతునకు కలుగు ఊఱట ఆధారపడెడిది. పిమ్మట పంటకోత ప్రయోగములును, పంటల భీమాలును వచ్చినవి. ఇవన్నియు అవసరములే. కాగితమే లేనిచో బలవంతుని మాటయే చెల్లును. కాని ఈ కాగితములన్నిటిలోను రైతు లెక్కింపబడువాడు గాని, సాక్షిగా పిలువబడువాడు అరుదు. గ్లైడరు పందెపు నిబంధనలో ఆకాశమునుండి దిగినవాడు కాగితము చేతబట్టుకొని రైతుయొద్దకు పోయి, "నీవు చూచినది వ్రాయుము" అని యడుగును. లెక్క యచ్చట తలక్రిందైనది.

ఆ నిబంధనకు ఇప్పుడు పని తక్కువ. 1990 తరువాతి సంవత్సరములలో ఉపగ్రహముల సాయముతో స్థానమును, ఎత్తును కొన్ని క్షణములకొకమాఱు నమోదుచేయు పరికరములు ఆమోదమును పొందినవి. ఎవరైన అంకె మార్చినచో వెంటనే బయటపడునట్లు ఆ పరికరము తన పత్రమునకు తానే రహస్యముద్ర వేయును. మసిరేకు పోయినది, ఫిల్ము పోయినది, చేనిలోని ఇద్దరు సాక్షులును చాలవఱకు అవసరము లేనివారైరి. ఇందుకు విచారింప నక్కఱలేదు. యంత్రము మొగమాటమెఱుగదు. అయినను యంత్రము ఎచ్చట నిలిపితిమో అచ్చటి సంగతియే చెప్పునని మా తండ్రిగారి చేను నాకు నేర్పినది. గ్లైడరులోని పరికరము గ్లైడరుతోనే ప్రయాణము చేయును గనుక అది సత్యము పలుకును. కేంద్రములోని వర్షమాపకము కేంద్రమును గూర్చి సత్యము పలుకును. మా చేనిని గూర్చి అది ఎఱుగదు.

ఈ యాలోచనలతో మా పాఠశాల యావరణములో ఒక వర్షమాపకమును నిలిపితిమి. చెట్లకును గోడలకును దూరముగా, బయట నేలపై దానిని అమర్చితిమి. ప్రతిదినము ఉదయము 8 గంటల 30 నిమిషములకు, వాతావరణశాఖవారు చదువు సమయముననే, ఇద్దరు విద్యార్థులు వేర్వేఱు తరగతులనుండి వచ్చి అంకె చదివి, పుస్తకములో వ్రాసి, ఇద్దరును సంతకము చేయుదురు. 2.5 మిల్లీమీటర్లు పడినచో దానిని వానదినముగా గుర్తింతురు. పడని దినమునను సున్న వ్రాసి సంతకము చేయవలెను. మొదటి వారమున ఒక బాలుడు, వాన లేనప్పుడు సంతకమెందుకని యడిగెను. వాన పడినదని చెప్పువారికంటె పడలేదని చెప్పువారికే సాక్ష్యము ఎక్కువ కావలెనని వానికి చెప్పితిని.

విద్యార్థులారా, మీలో కొందఱు ముందు ముందు గ్లైడరు నెక్కుదురేమో, పలువురు ఎక్కకపోవచ్చును. కాని మీలో ప్రతివారును ఏదో యొకనాడు ఎవరికో సాక్షులు కావలసియుందురు. ఆనాడు చూచినదానినే వ్రాయుడు, చూడనిదానిని వ్రాయకుడు. మీ యూరిలో ఇంటికొక డబ్బా పెట్టి వాన కొలుచుట కష్టమేమియు గాదు. పుస్తకమొకటి కుట్టుకొని, తేదీ వేసి, ప్రక్కింటివానిచేత రెండవ సంతకము చేయించుడు. దానిని రేపు ఏ కార్యాలయమువారైన అంగీకరింతురో లేదో నేను పలుకజాలను. మీ చేనిని చూచినవారు ఇద్దరున్నారని మాత్రము ఆ పుస్తకము చెప్పును.